ఖగోళ వార్తను ఆడిట్ చేయడం ఎలా

2025 ఏప్రిల్ మూడో వారంలో ఒక పొద్దున మా అబ్బాయి మెసేజ్ పెట్టాడు. "అమ్మా, వేరే గ్రహం మీద ప్రాణం దొరికిందట, చూశావా?" కింద ఒక బొమ్మ. నీలి సముద్రం, పైన పొగమంచు, వెనక ఎర్రటి సూర్యుడు. "వోచర్ చూసి చెప్తా" అని జవాబిచ్చాను.

నా ఉద్యోగం ఆడిటింగ్. ముప్ఫై ఏళ్లుగా ఎవరో రాసిన లెక్కలు చూసి, పక్కన టిక్కు పెట్టడమో ప్రశ్న రాయడమో చేస్తున్నాను. ఫిజిక్స్ చదువు కాలేజీ మొదట్లోనే ఆగిపోయింది కానీ ఆకాశం మీద మోజు ఆగలేదు. చాలాకాలం వార్తలతోనే సరిపెట్టుకున్నాను. పరిశోధన పత్రాలు మనకు అందేవి కావనుకునేదాన్ని. తీరా చదవడం మొదలుపెట్టాక, వాటిలో సగం నాకు అలవాటైన పనేనని తెలిసింది. ఎవరు రాశారు, దేన్ని బట్టి రాశారు, ఎంత గట్టిగా రాశారు? ఇవి తేల్చుకోవడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఒక కాలిక్యులేటర్, ఒక స్కేలు, ట్రేసింగ్ కాగితం, రెండు పక్కలా రాసుకునే నోట్‌బుక్ ఉంటే చాలు.

ముందు అసలు కాగితం

వార్త చదివి ఊరుకోకండి, దాని వెనక ఉన్న పత్రం తెరవండి. ఖగోళశాస్త్రంలో దాదాపు ప్రతి పత్రమూ ఆర్కైవ్ (arXiv) అనే సైటులో ఉచితంగా దొరుకుతుంది. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన భాండాగారం అది. అందులో ఆస్ట్రో-పీహెచ్ అనే విభాగం మనది. దాని లోపల గెలాక్సీలకు జీఏ, నక్షత్రాలకు ఎస్ఆర్, గ్రహాలకు ఈపీ అని అరలున్నాయి. వారానికి ఐదు రోజులు కొత్త జాబితా వస్తుంది. పత్రం నంబరులో మొదటి నాలుగంకెలూ తేదీ చెబుతాయి: 2504 అంటే 2025 ఏప్రిల్.

పేరు కింద కామెంట్స్ అని చిన్న వరస ఉంటుంది. చాలామంది దాటేస్తారు గానీ నేను మొదట చూసేది అదే. పత్రాన్ని జర్నల్‌కి పంపారా, జర్నల్ ఒప్పుకుందా అన్నది సాధారణంగా అక్కడే ఉంటుంది. పంపారు అంటే ఇంకా ఎవరూ తనిఖీ చేయని పద్దు. ఒప్పుకుంది అంటే జర్నల్ తరఫున తనిఖీ చేసే రెఫరీ కనీసం ఒక్కడైనా చదివాడు. పక్కన వీ1, వీ2 అని కనిపిస్తే పత్రాన్ని సవరించారన్నమాట. రెండూ తెరిచి సారాంశాలు పక్కపక్కన పెట్టి చూడండి. వీ1లో "కనుగొన్నాం" అన్న మాట వీ2లో "సూచన ఉంది" అని మెత్తబడితే, మధ్యలో ఎవరో గట్టిగానే అడిగారన్నమాట.

తర్వాత శీర్షిక. ఖగోళ శాస్త్రజ్ఞులు శీర్షికల్లో మాటల్ని మనం అనుకునేదానికంటే జాగ్రత్తగా వాడతారు. డిటెక్షన్ అంటే దొరికింది. ఎవిడెన్స్ అంటే ఆధారం ఉంది, పూచీ లేదు. క్యాండిడేట్ అంటే దరఖాస్తు పెట్టుకుంది, ఉద్యోగం ఇంకా రాలేదు. మన ఆర్ద్ర నక్షత్రం, అంటే బెటెల్‌గ్యూస్, పక్కన ఒక జంట నక్షత్రం కనబడిందని 2025 జులైలో వార్తలు హోరెత్తాయి. హవాయిలోని జెమినై నార్త్ టెలిస్కోపుతో తీసిన చిత్రం అది. ఆ పత్రం శీర్షికలో మొట్టమొదటి మాటే "ప్రాబబుల్". రాసినవాళ్లు "బహుశా" అని గుమ్మంలోనే చెప్పారు, వార్తలు దాన్ని చెప్పులతో పాటు బయటే విడిచి లోపలికొచ్చాయి.

అన్నిటికంటే మోసకారి మాట "కన్సిస్టెంట్ విత్". దానర్థం రుజువైందని కాదు, విరుద్ధంగా లేదని మాత్రమే. క్యాషియర్ కొత్త బండి కొనడం దొంగతనానికి విరుద్ధంగా లేదు. అప్పు చేసి కొనుక్కోవడానికీ విరుద్ధంగా లేదు.

చుక్కలు ముఖ్యం, రంగు గీత కాదు

ఇక మా అబ్బాయి పంపిన గ్రహం సంగతి. దాని పేరు కే2-18బీ. సింహరాశి దిక్కున 124 కాంతి సంవత్సరాల దూరంలో, ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం చుట్టూ 33 రోజులకోసారి తిరుగుతుంది. భూమికి 2.6 రెట్లు వ్యాసార్థం, 8.6 రెట్లు ద్రవ్యరాశి. కేంబ్రిడ్జిలోని నిక్కు మధుసూదన్ బృందం జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో చూసి, దాని వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దాని తోబుట్టువు లాంటి ఇంకో సల్ఫర్ అణువు గానీ ఉండొచ్చని చెప్పింది. మన సముద్రాల్లో మొదటి వాయువును తయారుచేసేవి ముఖ్యంగా వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులు. అందుకే ఆ సందడి.

ఇలాంటి పత్రం తెరిచాక పరిచయం జోలికి వెళ్లకండి. నేరుగా కొలతలున్న బొమ్మ దగ్గరకు వెళ్లండి. అడ్డంగా తరంగదైర్ఘ్యం, నిలువుగా గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్ర కాంతి ఎంత తగ్గింది అన్నది ఉంటాయి. ఈ తగ్గుదలను మీరే లెక్క కట్టుకోవచ్చు: గ్రహం వ్యాసార్థాన్ని నక్షత్ర వ్యాసార్థంతో భాగించి వర్గం చేయండి. సూర్యుడి వ్యాసార్థం భూమికి 109 రెట్లు కాబట్టి, భూమి అడ్డొస్తే సూర్యకాంతి తగ్గేది 0.0084 శాతం. బృహస్పతి అయితే ఒక శాతం. కే2-18బీకి దాదాపు 0.3 శాతం. వాతావరణం ఆనవాళ్లు ఈ 0.3 శాతంలో అతి చిన్న హెచ్చుతగ్గులు. అంటే మనం చూస్తున్నది పైసల్లో తేడా.

బొమ్మలో చుక్కలుంటాయి. ప్రతి చుక్కకూ ఒక నిలువు గీత గుచ్చి ఉంటుంది. వాటి మీదుగా అందమైన రంగు గీత వంకర్లు తిరుగుతూ పోతుంది. కన్ను ఆ రంగు గీత వెంటే పోతుంది, అక్కడే పప్పులో కాలేస్తాం. చుక్కలు కొలతలు. నిలువు గీత, ఆ కొలత ఎంత అటూ ఇటూ కావచ్చో ఒప్పుకోవడం. రంగు గీత మాత్రం రచయితల అభిప్రాయం.

అందుకే నేనో పని చేస్తాను. ఆ ఒక్క పేజీ ప్రింట్ తీసి, మీద ట్రేసింగ్ కాగితం పెట్టి, చుక్కలూ నిలువు గీతలూ మాత్రం దించుకుంటాను. రంగు గీతను వదిలేస్తాను. తర్వాత స్కేలు పెట్టి, చుక్కల మధ్యగా అడ్డంగా ఒక్క సరళరేఖ గీస్తాను. అది ఎన్ని నిలువు గీతల్ని తాకిందో లెక్కపెడతాను. కొలత ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలమానం పేరు సిగ్మా. నిలువు గీతలు మామూలుగా ఒక సిగ్మా పొడవుంటాయి (బొమ్మ కింది వాక్యం చదివి నిర్ధారించుకోండి, ఒక్కోసారి రెండు సిగ్మాలు గీస్తారు). ఒక సిగ్మా అయితే, సరైన గీత ఏదైనా సరే దాదాపు మూడింట రెండు వంతుల నిలువు గీతల్ని తాకుతుంది. నా స్కేలు గీత కూడా దాదాపు రెండు వంతుల్ని తాకిందంటే, ఆ వంకరలు కచ్చితంగా ఉన్నాయని చుక్కలు చెప్పడం లేదన్నమాట.

కే2-18బీ కాగితం మీద పెన్సిలుతో ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ పోయాను. నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ గీతల్నే తాకింది. ఇది రుజువు కాదు, వంటింటి తూకం లాంటిది. అయినా కొద్ది వారాల్లోనే వేరే పరిశోధకులు సరైన గణాంక పద్ధతులతో అదే ప్రశ్న వేశారు. ఆ కొలతల్లో బలమైన ఆకారమేదీ లేదని ఒకరు, ఉన్నా వేరే అణువులు కూడా సరిపోతాయని ఇంకొకరు రాశారు. పైగా అదే సల్ఫైడ్, ప్రాణం ఊసే లేని 67పీ తోకచుక్కలో ఉన్నట్టు రొసెట్టా నౌక కొలతలు అంతకుముందే చూపించాయి.

మూల పత్రం రాసినవాళ్లను తప్పుబట్టడానికేం లేదు. ఆ పరికరంతో గ్రహం ఒక్కసారి అడ్డొచ్చినప్పుడు తీసిన కొలతలివి అనీ, మరో 16 నుంచి 24 గంటల టెలిస్కోపు సమయం దొరికితే తేలుతుందనీ వాళ్లే చెప్పారు. ఎన్నిసార్లు చూశారన్నది ప్రతి పత్రంలోనూ అబ్జర్వేషన్స్ అన్న భాగంలో ఉంటుంది. ఒక్కసారే అయితే నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో "1" అని రాసుకోండి.

సిగ్మా గురించి ఒక మాట, ఎందుకంటే ఎక్కువమంది తప్పుగా చదివేది దీన్నే. కే2-18బీ పత్రంలో మూడు సిగ్మా అన్నారు. వార్తల్లో అది "99.7 శాతం ఖాయం" అయింది. కాదు. అక్కడ ఏమీ లేకపోయినా, కొలతల్లోని గజిబిజి ఒక్కటే ఇంత ఆకారం చూపించే అవకాశం వెయ్యిలో మూడు అని దానర్థం. వెయ్యి పద్దులు తిరగేస్తే మూడు వింత పద్దులు ఏ మోసమూ లేకుండానే కనబడతాయి, నా అనుభవం అదే. సిగ్మా దేంతో పోల్చి చెప్పారో కూడా అడగండి. విశ్వ వ్యాకోచాన్ని వేగవంతం చేసే కృష్ణశక్తి కాలంతో పాటు మారుతోందేమోనని 2025 మార్చిలో, గెలాక్సీల పటం గీసే డెసీ బృందం చెప్పినప్పుడు, ఏ సూపర్‌నోవా (పేలిన నక్షత్రం) జాబితా కలుపుతారన్నదాన్ని బట్టి సిగ్మా 2.8 నుంచి 4.2 దాకా మారింది. ఒకే పద్దు, మూడు ఆవర్జాలు, మూడు మొత్తాలు. అలాంటప్పుడు పెద్ద అంకె ఒక్కటే వార్తలో కనిపిస్తే చిన్నదాని కోసం వెతకండి.

గెలాక్సీ వయసు కాలిక్యులేటర్ మీద

గెలాక్సీల పత్రాల్లో అన్నీ ఒక్క అంకె చుట్టూ తిరుగుతాయి. అది రెడ్‌షిఫ్ట్. విశ్వం వ్యాకోచించడం వల్ల కాంతి ఎంత సాగిందో చెప్పే అంకె. దీన్ని మీరే సరిచూసుకోవచ్చు, నాకు బాగా ఇష్టమైన తనిఖీ ఇదే.

తొలినాళ్ల విశ్వంలో నిండి ఉన్న హైడ్రోజన్, 0.1216 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పొట్టి తరంగాల కాంతిని మింగేస్తుంది. కాబట్టి చాలా దూరపు గెలాక్సీ వర్ణపటం, అంటే దాని కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడగొట్టిన బొమ్మ, ఎడమ పక్క నేలకు అంటుకుని ఉండి, ఒక్కచోట గోడలా లేస్తుంది. ఆ గోడ మనకు అసలు చోట కనబడదు, సాగిన చోట కనబడుతుంది. 2025 మేలో వచ్చిన మామ్-జెడ్14 గెలాక్సీ వర్ణపటంలో గోడ ఎక్కడుందో స్కేలు పెట్టి చూశాను, దాదాపు 1.88 మైక్రాన్లు. 1.88ని 0.1216తో భాగిస్తే 15.46. అందులోంచి ఒకటి తీసేస్తే 14.46. పత్రంలో రాసింది 14.44. స్కేలుతో చూసిన ఆడిటర్‌కి 0.02 తేడా లెక్కలోది కాదు. ఆ కాంతి బయల్దేరినప్పటికి విశ్వం వయసు 28 కోట్ల ఏళ్లు. ఇప్పుడు 1,380 కోట్లు. అయితే దాని దూరం 1,350 కోట్ల కాంతి సంవత్సరాలని వార్తల్లో రాస్తే అది కాంతి ప్రయాణించిన కాలం మాత్రమే. ఈలోగా విశ్వం సాగింది కాబట్టి ఇప్పుడు దాని దూరం 3,300 కోట్ల పైచిలుకు.

కానీ లెక్క టాలీ అయిందని సంబరపడే ముందు ఇంకోటి చూడాలి: రెడ్‌షిఫ్ట్ ఏ రకానిది? ఫోటోమెట్రిక్ (రంగు ఫిల్టర్ల గుండా చూసి కట్టినది) అని ఉంటే అంచనా, స్పెక్ట్రోస్కోపిక్ (వర్ణపటం తీసి కొలిచినది) అని ఉంటే రసీదు. ఈ తేడా నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

జేమ్స్ వెబ్ మొదటి చిత్రాలు 2022 జులై 12న వచ్చాయి. కొద్ది రోజులకే సీర్స్-93316 అనే గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ 16 దాటిందని పత్రం వచ్చింది. బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 25 కోట్ల ఏళ్లకే! బంధువుల గ్రూపులో పెద్ద వ్యాసం రాసి పడేశాను. "అత్తా, నువ్వు టీవీలో రావాలి" అని మేనకోడలు. మరుసటి ఏడాది వర్ణపటం తీశారు. రెడ్‌షిఫ్ట్ 4.9. అంటే విశ్వానికి 120 కోట్ల ఏళ్లు వచ్చాక ఉన్న గెలాక్సీ.

ఏం జరిగింది? మొదటి అంచనా రంగు ఫిల్టర్ల గుండా చూసి కట్టినది. ఒక్కో ఫిల్టర్ వెడల్పాటి తరంగాల పట్టీ మొత్తాన్నీ ఒకే కుప్పగా పోసి తూస్తుంది. ఈ గెలాక్సీ ధూళితో ఎర్రబడింది. దానికి తోడు ఆక్సిజన్, హైడ్రోజన్ వెలిగించే ప్రకాశవంతమైన రేఖలున్నాయి. 4.9 దగ్గర ఆక్సిజన్ రేఖ 2.95 మైక్రాన్లకు, హైడ్రోజన్‌ది 3.87 మైక్రాన్లకు సాగి, సరిగ్గా ఫిల్టర్లలో పడ్డాయి. పొడవు తరంగాల ఫిల్టర్లు ఉబ్బాయి, పొట్టివి వెలవెలబోయాయి. చూడ్డానికి అచ్చం గోడ. నన్ను ఎక్కువ పొడిచింది ఇంకోటి: ఆ అనుమానాన్ని వేరే బృందాలు 2022లోనే రాశాయి. ఒక పత్రం శీర్షికలోనే 17 దగ్గరా, 5 దగ్గరా అని ప్రశ్నార్థకం ఉంది. నేను మొదటి పత్రం చదివి ఆపేశాను.

అప్పటి నుంచీ అంకె వెనక దశాంశాలు కూడా చూస్తున్నాను. జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీకి 2024లో వెబ్ వర్ణపటంలోని గోడను బట్టి 14.32 అన్నారు. 2025లో ఆల్మా రేడియో టెలిస్కోపుతో రెండు బృందాలు ఆక్సిజన్ రేఖను పట్టుకున్నాయి. అసలు 88 మైక్రాన్ల దగ్గర ఉండేది 1.34 మిల్లీమీటర్ల దాకా సాగింది. దాంతో తేలింది 14.18, అది కూడా నాలుగో దశాంశం దాకా. గోడ అంచు మసకగా ఉంటుంది, రేఖ సూదిలా ఉంటుంది. ఇన్ని దశాంశాలు ఇవ్వగలిగారంటే ఏ పద్ధతిలో కొలిచారో మీకు అర్థమైపోతుంది.

ఈ అంకెకు వేరే యజమాని ఉన్నాడా?

గ్రహాల పత్రాల్లో నేనడిగే మొదటి ప్రశ్న ఇది. గ్రహం ఇన్ని రోజులకోసారి తిరుగుతోందని ఒక అంకె ఇస్తారు. అదే అంకె ఇంకెవరి ఖాతాలోనైనా ఉందేమో చూడండి. మన సంవత్సరం, అర సంవత్సరం, ఒక రోజు, చంద్రుడి నెల, ఆ నక్షత్రం తన చుట్టూ తాను తిరిగే కాలం.

1991లో ఆండ్రూ లైన్, ఆయన సహచరులు ఒక పల్సర్ (గడియారంలా క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే మృత నక్షత్రం) చుట్టూ గ్రహం ఉందని ప్రకటించారు. పరిభ్రమణ కాలం ఆరు నెలలు. భూమి సంవత్సరంలో సరిగ్గా సగం! భూమి కక్ష్య పూర్తి వృత్తం కాదన్న సంగతి లెక్కలో సరిగా సర్దకపోవడం వల్ల వచ్చిన దయ్యం అది. 1992 జనవరిలో అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో ఆయనే వేదికెక్కి తప్పు జరిగిందని చెప్పాడు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నా వృత్తిలో పద్దు తప్పని ఒప్పుకున్నవాడికి చప్పట్లు కొట్టడం నేనింతవరకూ చూడలేదు. ఆయన తర్వాత మాట్లాడిన అలెగ్జాండర్ వోల్‌ష్చాన్ చెప్పిన పల్సర్ గ్రహాలు మాత్రం నిలబడ్డాయి.

40 ఎరిడాని ఏ నక్షత్రానికి 42 రోజుల గ్రహం ఉందని 2018లో అన్నారు. నక్షత్రం తన చుట్టూ తాను తిరగడానికి కూడా అటూ ఇటూగా అన్ని రోజులే పడుతుందని ఆ పత్రంలోనే ఉంది. ఒక టీవీ సిరీస్‌లోని గ్రహం పేరు తగిలించి వార్తలు పండగ చేసుకున్నాయి. 2024లో అది నక్షత్రం ఉపరితలం చేసే అల్లరే తప్ప గ్రహం కాదని తేల్చారు. ఆల్ఫా సెంటారీ బీకి 2012లో ప్రకటించిన 3.24 రోజుల గ్రహం ఇంకా విచిత్రం. ఏయే రాత్రులు చూశారన్న క్రమమే ఆ అంకెను పుట్టించిందని 2015లో తేలింది.

నోట్‌బుక్

ఎడమ పేజీలో తేదీ, పత్రం నంబరు, వాళ్లు చెప్పిన ఒక్క వాక్యం, సిగ్మా, ఎన్నిసార్లు చూశారు. కుడి పేజీ ఖాళీ. ఆరు నెలలకోసారి నాసా వాళ్ల ఏడీఎస్ సూచికలో ఆ పత్రం పేరు కొట్టి, సైటేషన్స్ నొక్కి, దాన్ని ప్రస్తావించిన పత్రాల శీర్షికలు చూస్తాను. శీర్షికల్లో "రీ-అనాలిసిస్", "నో ఎవిడెన్స్" లాంటి మాటలు కనబడితే కుడి పేజీలో రాస్తాను. గ్రహాలైతే నాసా ఎక్సోప్లానెట్ ఆర్కైవ్ చూస్తే చాలు. 2025 సెప్టెంబరులో అక్కడ నిర్ధారణ అయిన గ్రహాల సంఖ్య 6,000 దాటింది. అందులోకి ఎక్కని గ్రహాన్ని నేను పెన్సిలుతోనే రాస్తాను.

నా నోట్‌బుక్‌లో కుడి పేజీ నిండి చీటీ అతికించాల్సి వచ్చింది ఒక్క నక్షత్రానికే. ఆరు కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బర్నార్డ్ నక్షత్రం. పీటర్ వాన్ డి క్యాంప్ దశాబ్దాల తరబడి తీసిన ఫోటో ప్లేట్లలో ఆ నక్షత్రం ఊగుతోందని 1963లో గ్రహాన్ని ప్రకటించాడు. 1973లో జాన్ హెర్షే అదే టెలిస్కోపు తీసిన ఇతర నక్షత్రాలను చూస్తే, అవి కూడా అదే ఏడాది పక్కకు జరిగాయి. ఊగింది టెలిస్కోపు. 1949లో దాని కటకం బిగింపు మార్చారు. తర్వాత 2018లో 233 రోజుల గ్రహం అన్నారు, 2021లో కొట్టేశారు. 2024 అక్టోబరులో 3.15 రోజుల చిన్న గ్రహం, 2025 మార్చిలో వేరే పరికరంతో మొత్తం నాలుగు, అన్నీ భూమి కంటే తేలికైనవే. ఈ నాలుగింటినీ సిరాతో రాశాను. కొలిచిన పరికరాలు రెండు, బృందాలు రెండు, నిలువు గీతలు పొట్టి.

కే2-18బీకి ఎడమ పేజీ పెన్సిలులో ఉంది. 2019లో హబుల్ చూసిందన్న నీటి ఆవిరి ఎడమ పేజీలో, అది మీథేన్ అయి ఉండొచ్చన్న 2023 నాటి వెబ్ కొలతలు కుడి పేజీలో. ఆ మీథేన్‌ని, దాంతో దొరికిన కార్బన్ డయాక్సైడ్‌ని సిరాతో రాశాను. సల్ఫైడ్ పద్దు ఎదురుగా కుడి పేజీ సగం నిండింది. కింద ఇంకా చోటుంది.

మొన్న మా అబ్బాయి ఫోన్ చేసి అడిగాడు. "ఆల్ఫా సెంటారీ ఏ దగ్గర వెబ్‌కి గ్రహం కనబడిందన్నారు కదమ్మా, అది సిరాయేనా?" నోట్‌బుక్ తీసి చదివి వినిపించాను: 2024 ఆగస్టులో ఒక్కసారి కనబడింది. 2025 ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో చూస్తే లేదు. నక్షత్రానికి మరీ దగ్గరగా జరిగి కనబడకుండా పోయి ఉండొచ్చంటున్నారు. కంప్యూటర్‌లో వేసి చూసిన కక్ష్యల్లో సగం అలాగే వచ్చాయట.

"అంటే పెన్సిలా?"

"పెన్సిలే నాన్నా. ఎర్ర సిరాతో ఒకటి కూడా వేశాను."